పెట్టింది ఎనిమిది, కనిపించేది ఆరు: మా రీడింగ్ రూమ్ కంప్యూటర్ల డైరీ

శనివారం

వారాసిగూడ రీడింగ్ రూమ్ పై గదిలో పాత కంప్యూటర్లన్నీ గోడవారగా సర్దాం. కొన్ని మాదాపూర్‌లో ఆఫీసు ఖాళీ చేసిన ఒక కంపెనీ ఇచ్చినవి, కొన్ని సీతాఫల్‌మండిలో మూతపడ్డ నెట్ సెంటర్‌వి, మిగతావి కాలనీ ఇళ్లలో అటకలు దిగి వచ్చినవి. గ్రూప్స్‌కి చదివేవాళ్లు మాక్ టెస్టులు రాసుకోవాలి, ఇంటర్ పిల్లలు టైపింగ్ నేర్చుకోవాలి, ఎవరికైనా హాల్ టికెట్ ప్రింట్ కావాలంటే ఇక్కడే అయిపోవాలి. అంతకు మించి వీటి నుంచి ఆశించేది లేదు. కాకపోతే ఈ రోజుల్లో బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే రెండు మూడు జీబీల ర్యామ్, అంటే కంప్యూటర్ నడుస్తుండగా వాడుకునే మెమొరీ, హారతి కర్పూరమే. కాబట్టి ఉన్న ర్యామ్ స్టిక్‌లలో ప్రతి ఎంబీ లెక్కలోకి రావాలి.

మొదటి పని రిజిస్టర్. ప్రతి క్యాబినెట్‌కి తెల్ల టేపు అంటించి నంబర్ వేశాం. పక్క మూత విప్పి ర్యామ్ స్టిక్‌ల మీద లేబుళ్లు చదివి రాసుకున్నాం. లేబుల్ మీద ఎంత, బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచి బోర్డుని సిద్ధం చేసే ప్రోగ్రాము) ఎంత, ఎక్కించిన విండోస్‌లో ఎంత అని మూడు గడులు. సాయానికి వచ్చిన పిల్లలు మొదటిదీ చివరిదీ చాలన్నారు. మధ్య గడి కావాల్సిందేనని పట్టుబట్టాను, పని మొత్తం తిరిగేది దాని చుట్టూనే. లేబుల్‌కీ బయోస్‌కీ పొసగకపోతే గొడవ వస్తువులో ఉన్నట్టు: స్టిక్, స్లాట్, ప్రాసెసర్ సాకెట్. బయోస్ పూర్తిగా చూపించి విండోస్ తగ్గిస్తే, గొడవ సెట్టింగులోనో ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లోనో ఉన్నట్టు. స్క్రూడ్రైవర్ పట్టుకోవాలా, కీబోర్డు పట్టుకోవాలా అన్నది అక్కడే తేలిపోతుంది.

సాయంత్రానికి చూస్తే మూడు గడులూ కలిసిన మిషన్ ఒక్కటీ లేదు. అసోసియేషన్ ప్రెసిడెంట్ అంకుల్ రిజిస్టర్ తిరగేసి, "గింత తేడానా? మొత్తం డూప్లికేట్ మాలు అంటగట్టిన్రు మనకు" అన్నారు. సికింద్రాబాద్ కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డా ఈ మాట చెవిన పడుతుంది. మార్కెట్లో నకిలీ ర్యామ్ లేదని కాదు. కానీ 4 జీబీ పెడితే 3.24 కనపడటం నకిలీ లక్షణం కాదు. ర్యామ్ చిప్పు పాడైతే తప్పులు చేస్తుంది, లేదా మిషన్ లేవదు. అంతేగానీ ముప్పావు జీబీ కొలిచినట్టు కోసి తీసేయదు.

"అట్లయితే ఎవరు తీసిన్రు?" అన్నారు అంకుల్. ఈ ప్రాజెక్టు అంతా ఆ ప్రశ్నకి జవాబే.

ఆదివారం

ముందు 4 జీబీ మిషన్లు పట్టాం, అవే ఎక్కువ. అన్నింట్లో విండోస్ 7 ఉంది. కంప్యూటర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ఇన్‌స్టాల్డ్ మెమొరీ 4.00 జీబీ, యూజబుల్ 3.24 జీబీ. కింద సిస్టమ్ టైప్ దగ్గర 32 బిట్.

ప్రాసెసర్ ర్యామ్‌లో ఏ బైట్‌ని ముట్టుకోవాలన్నా దానికో అడ్రస్ ఉండాలి. 32 బిట్లతో రాయగలిగే అడ్రస్‌లు 4,29,49,67,296. అంటే కచ్చితంగా 4 జీబీ. "మరి సరిపోయినయ్ గదక్కా, 4కి 4 కనపడాలె గదా?" అంది డిగ్రీ చదివే అమ్మాయి. చాలామంది 32 బిట్ అనగానే తలూపి ఊరుకుంటారు, ఈ పిల్ల ఊరుకోలేదు.

ఆ అడ్రస్‌లు ర్యామ్ ఒక్కదాని సొత్తు కాదు. గ్రాఫిక్స్, నెట్‌వర్క్, యూఎస్‌బీ, సౌండ్, బయోస్ ఉండే చిప్పు, వీటన్నిటితో ప్రాసెసర్ మాట్లాడేది కూడా అదే అడ్రస్‌ల వరసలోనే. 4 జీబీ గీత నుంచి కిందికి కొంత మేర వాటికి కేటాయిస్తారు. మున్సిపాలిటీ ఒక కాలనీకి వంద ఇంటి నంబర్లే ఇచ్చిందనుకోండి. చివరి ఇరవై నంబర్లు వాటర్ ట్యాంకుకీ, ట్రాన్స్‌ఫార్మర్‌కీ, కమ్యూనిటీ హాలుకీ పోతే, కట్టిన వంద ఇళ్లలో ఇరవైకి నంబరే ఉండదు. ఇల్లు ఉంది, కరెంటు ఉంది, పోస్ట్‌మ్యాన్ మాత్రం రాడు. పైన చిక్కుకున్న ముప్పావు జీబీ పరిస్థితి అది.

ఎంత పోతుందన్నది బోర్డునీ, దానికి తగిలించినవాటినీ బట్టి మారుతుంది. కొన్నిట్లో 3.5 మిగులుతుంది, కొన్నిట్లో 2.75కి కూడా దిగుతుంది. 1 జీబీ గ్రాఫిక్స్ కార్డు పెడితే అడ్రస్‌లలో 1 జీబీ పోతుందని ఒక లెక్క ప్రచారంలో ఉంది. మామూలుగా ఆ తరం కార్డులు 256 ఎంబీ కిటికీ ఒకటి తెరిచి, మిగతా మెమొరీని దాని గుండానే వాడుకుంటాయి.

ఇది కొత్త తగవేం కాదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో 8088 ప్రాసెసర్‌కి 20 అడ్రస్ తీగలే, మొత్తం 1 ఎంబీ. అందులో పై 384 కేబీ స్క్రీన్ కార్డుకీ బయోస్‌కీ పక్కన పెట్టి, ప్రోగ్రాములకి 640 కేబీ వదిలారు. అప్పుడు కేబీల్లో జరిగిందే తర్వాత జీబీల్లో జరిగింది.

ఇంకో సంగతి, ఇది నాకు బాగా ఇష్టమైనది. 32 బిట్ ప్రాసెసర్ 4 జీబీ దాటి చూడలేదనడం పూర్తి నిజం కాదు. 1995లో వచ్చిన పెంటియమ్ ప్రో లోనే పీఏఈ అనే ఏర్పాటుతో ర్యామ్ అడ్రస్‌లు 36 బిట్లకి పెరిగాయి, అంటే 64 జీబీ దాకా. 32 బిట్ విండోస్ సర్వర్‌లలో కొన్ని రకాలు దాన్ని వాడుకుని 4 జీబీ దాటాయి కూడా. ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే విండోస్‌కి మాత్రం ఆ తలుపు మూసే ఉంచారు. 4 జీబీ పైన అడ్రస్ చేతికొస్తే చాలా డ్రైవర్లు (పరికరాలని నడిపే ప్రోగ్రాములు) తడబడి మిషన్‌ని పడేసేవి. అందుకే 2004 నాటి విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచి, పీఏఈ నడుస్తున్నా సరే, 4 జీబీ గీత పైనున్న ర్యామ్‌ని వదిలేయమని మైక్రోసాఫ్ట్ నిర్ణయించింది. సగం హద్దు సిలికాన్ గీసింది, సగం హద్దు మనుషులు గీశారు.

2008లో విండోస్ విస్టా సర్వీస్ ప్యాక్ 1 వచ్చినప్పుడు చాలామంది సంబరపడ్డారు, అదివరకు 3 చిల్లర చూపించిన మిషన్లు ఒక్కసారిగా 4 చూపించాయని. మారింది చూపించే తీరే. వాడుకోగలిగిందానికి బదులు పెట్టినదాని లెక్క చూపించడం మొదలుపెట్టింది. విండోస్ 7 రెండూ పక్కపక్కన రాసి ఆ అయోమయం కొంత తగ్గించింది.

ఇక పని. కోర్ 2 డ్యుయో మొదలుకొని మా దగ్గరున్న ప్రాసెసర్లన్నీ 64 బిట్‌కి పనికొచ్చేవే, వాటి మీద 32 బిట్ విండోస్ ఎక్కించి వదిలేశారంతే. విండోస్ 7కి అప్‌డేట్లు 2020 జనవరితో ఆగిపోయాయి, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 ఈ వయసు ప్రాసెసర్లని గుమ్మం తొక్కనివ్వదు. అందుకే విండోస్‌కి బదులు 64 బిట్ లినక్స్ మింట్, అందులో తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. ఒకే పెన్ డ్రైవ్ మిషన్ నుంచి మిషన్‌కి తిప్పాం. మధ్యాహ్నం కరెంటు పోయి ఒకదాంట్లో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఒక్కొక్కటే 3.8, 3.9కి ఎక్కాయి. 4వ నంబరూ 7వ నంబరూ మాత్రం 64 బిట్ ఎక్కించాక కూడా 3.2 దగ్గరే భీష్మించుకుని కూర్చున్నాయి.

మంగళవారం రాత్రి

ఆఫీసు నుంచి నేరుగా వచ్చి 7వ నంబర్ విప్పాను. జీ41 చిప్‌సెట్ (ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ మిగతా పరికరాలనీ కలిపే చిప్పు) ఉన్న బోర్డు, 2 జీబీవి రెండు డీడీఆర్2 రకం స్టిక్‌లు. ఇలాంటి బోర్డుల్లో చాలావాటికి బయోస్‌లో చిప్‌సెట్ పేజీలో, నార్త్ బ్రిడ్జ్ కింద, మెమొరీ రీమ్యాప్ ఫీచర్ అని ఒక లైను ఉంటుంది. ఇందులో అది డిజేబుల్ అయి ఉంది.

అది చేసే పని ఇది. పరికరాల అడ్రస్‌ల కింద చిక్కుకుపోయిన ర్యామ్ ముక్కని చిప్‌సెట్ అక్కణ్నుంచి తీసి 4 జీబీ గీత పైన కొత్త అడ్రస్‌లు ఇస్తుంది. 64 బిట్ సిస్టమ్ ఆ గీత పైకి చూడగలదు కాబట్టి ముక్క దొరుకుతుంది. అంటే రెండూ కావాలి, పైన చూడగలిగే సిస్టమూ, పైకి ఎక్కించగలిగే బోర్డూ. ఒకటి ఉండి రెండోది లేకపోతే ఫలితం సున్నా. రీమ్యాప్ ఆన్ చేసి, సేవ్ చేయడానికి ఎఫ్10 కొట్టాను. 3.9.

బుధవారం పొద్దున్నే రీడింగ్ రూమ్ తెరిచే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, 7వ నంబర్ మళ్ల 3.2 అంటుంది. టైమ్ కూడా తప్పు చూపెడుతుంది."

ఆ రెండో ముక్క వినగానే మొదటిది అర్థమైపోయింది. రాత్రి మెయిన్ ఆఫ్ చేసి వెళ్లారు. బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది కాబట్టి గడియారమూ పోయింది, మార్చిన సెట్టింగులూ పోయి పాతవి వచ్చి కూర్చున్నాయి. ఈ బోర్డు పుట్టు సెట్టింగులో రీమ్యాప్ ఆఫ్. సాయంత్రం మల్టీమీటర్ పెడితే 3 వోల్టులు ఉండాల్సిన బ్యాటరీ 2.3 చూపించింది. గల్లీ చివరి వాచీల కొట్లో కొత్తది దొరికింది. మెమొరీ కరవు తీర్చడానికి వాచీల కొట్టుకి వెళ్లాల్సి వస్తుందని ఎవరనుకుంటారు.

4వ నంబర్ కథ వేరు. అది ఇంకా పాత బోర్డు, ఇంటెల్ 945 చిప్‌సెట్. బయోస్ అంతా గాలించినా రీమ్యాప్ లైను లేదు, ఉండదు కూడా. ఆ చిప్‌సెట్‌కే 32 అడ్రస్ తీగలు. ప్రాసెసర్ 64 బిట్‌ది అయినా, సిస్టమ్ 64 బిట్‌ది అయినా, మధ్యలో ఉన్నది 4 జీబీ దాటి ఎరగదు. కొత్త బయోస్ ఎక్కిస్తే వస్తుందేమోనని ఆశపడేవాళ్లకి ఒకే మాట, తీగలు సాఫ్ట్‌వేర్‌తో పుట్టవు.

దీన్ని అలాగే వదిలేశాం. వదలడంలోనూ ఒక ఉపాయం ఉంది. 2+2 పెట్టి 3.2 తీసుకునే బదులు 2+1 పెడితే 3 వస్తుంది. పావు జీబీ పోతుంది, సైజులు కలవవు కాబట్టి వేగం కాస్త తగ్గుతుంది. కానీ ఒక 2 జీబీ స్టిక్ చేతికొస్తుంది, అది 2 జీబీతో ఈడుస్తున్న ఇంకో జీ41 మిషన్‌కి వెళ్లింది. 4వ నంబర్ ఇప్పుడు టైపింగ్‌కి మాత్రమే.

తర్వాతి శనివారం

ఈరోజు పెద్ద మిషన్లు. 11వ నంబర్, ఏఎమ్‌డీ ఏపీయూ, అంటే గ్రాఫిక్స్ కూడా ప్రాసెసర్ లోపలే ఉన్న రకం. రెండు 4 జీబీ స్టిక్‌లు, విండోస్ 10 64 బిట్. కనపడేది 5.9.

"ఎనిమిదని రాసి ఉంది, గిది ఆరు కూడా చూపెడతలేదేందక్కా?" ఇంటర్ పిల్లాడి గొంతులో అంకుల్ అనుమానమే పలికింది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమొరీ చూడమన్నాను. కింద కుడివైపు చిన్న అక్షరాల్లో హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ 2.1 జీబీ. రిసోర్స్ మానిటర్‌లో అయితే ఇదే బూడిద రంగు పట్టీగా కనపడుతుంది, వాడకంలో ఉన్నది ఆకుపచ్చగా, ఖాళీది లేత నీలంగా. ఆ బూడిద రంగు ముక్క విండోస్ లేవక ముందే వేరేవాళ్ల పేరున రాసేసినది. ఇక్కడ ఆ వేరేవాళ్లు గ్రాఫిక్స్. విడి గ్రాఫిక్స్ కార్డుకి సొంత మెమొరీ ఉంటుంది, ఇలా లోపల ఉన్నదానికి సొంతం ఏమీ లేదు, మన ర్యామ్‌లోంచే భాగం పంచుకోవాలి.

బయోస్‌లో యూఎమ్‌ఏ ఫ్రేమ్ బఫర్ సైజ్, అంటే గ్రాఫిక్స్ వాటా, 2 జీబీ అని పెట్టి ఉంది. ఇది నెట్ సెంటర్ మిషన్, పిల్లలు గేములు ఆడేవాళ్లేమో, ఎవరో పెంచి ఉంటారు. 256 ఎంబీకి తగ్గించాను. మళ్లీ లేచాక 7.7.

తగ్గిస్తే వీడియోలు ఆగి ఆగి రావా అని అడిగారు. రావు. బయోస్‌లో రాసేది పూర్తిగా రాసిచ్చేసే భాగం మాత్రమే. అవసరం పడితే గ్రాఫిక్స్ డ్రైవర్ నడుస్తుండగానే మామూలు ర్యామ్‌లోంచి ఇంకొంత తీసుకుంటుంది, పనయ్యాక తిరిగి ఇస్తుంది. బరువైన గేములాడే ఇంట్లో అయితే నేను 2 జీబీ ముట్టుకునేదాన్ని కాదు. మాక్ టెస్టులు రాసే గదిలో అది దండగ. ఇంటెల్‌లో ఇదే సెట్టింగు డీవీఎమ్‌టీ ప్రీ అలొకేటెడ్ అనే పేరుతో ఉంటుంది, సాధారణంగా 32 లేదా 64 ఎంబీయే, అందుకే ఆ మిషన్లలో ఎవరూ పట్టించుకోరు.

13వ నంబర్‌కి ఎక్కువ సేపు పట్టలేదు. లేబుల్ 8, బయోస్ 8, విండోస్ 64 బిట్, కనపడేది 4. మధ్య గడి బాగానే ఉంది కాబట్టి మూత విప్పలేదు. ఎంఎస్ కాన్ఫిగ్ అని కొట్టి, బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే మ్యాగ్జిమమ్ మెమొరీ దగ్గర టిక్కు పెట్టి, పక్కన 4096 అని రాసి ఉంది. కంప్యూటర్ వేగం పెంచే చిట్కా అంటూ తిరిగే వీడియోల్లో ఇది తరచూ కనపడుతుంది. అది పెంచే మీట కాదు, ఇంతకు మించి వాడకు అని చెప్పే కళ్లెం. డ్రైవర్ రాసేవాళ్లు తక్కువ ర్యామ్‌లో తమ ప్రోగ్రాము ఎలా నడుస్తుందో చూసుకోవడానికి పెట్టింది. టిక్కు తీసి రీస్టార్ట్ చేస్తే 8 తిరిగొచ్చింది. పెట్టినవాళ్లు ఎవరో గానీ ఇన్నాళ్లూ సగం కంప్యూటర్‌తో పని చేశారు.

భోజనాల దగ్గర ఒకడు ఫోన్ చూపించి 128 జీబీ ఫోనులో అంత ఎందుకు లేదని, ఇంకొకడు 500 జీబీ హార్డ్ డిస్కు 465 ఎందుకు చూపిస్తుందని అడిగారు. ఇవి ర్యామ్ గొడవతో కలపకూడదు. డిస్కు తయారు చేసేవాళ్లు జీబీ అంటే 100 కోట్ల బైట్లని లెక్క కడతారు, విండోస్ 1024ని మూడుసార్లు హెచ్చించి కడుతుంది. 500 జీబీ డిస్కులోని 50,000 కోట్ల బైట్లని విండోస్ కొలతతో భాగిస్తే 465 వస్తుంది. ఒక్క బైటూ పోలేదు. ఫోనులో దీనికి తోడు ఆండ్రాయిడ్ తన సామానుకి కొంత చోటు తీసుకుంటుంది. ర్యామ్ స్టిక్‌లు మొదటి నుంచీ 1024 లెక్కలోనే తయారవుతాయి. కాబట్టి ర్యామ్ తగ్గితే కొలతలో తేడా అని సరిపెట్టుకునే వీల్లేదు, ఎక్కడో ఎవరో పట్టుకున్నట్టే.

సోమవారం, ఆ తర్వాత

9వ నంబర్. అన్నిటికంటే మొండిది ఇదే. హెచ్61 చిప్‌సెట్ బోర్డు, రెండే స్లాట్లు, రెండు 4 జీబీ డీడీఆర్3 స్టిక్‌లు. బయోస్‌లో మొత్తం 4 జీబీ. విచిత్రమేమిటంటే మింట్‌లో బోర్డు రాసుకున్న పట్టికని చదివే డీఎంఐ డీకోడ్ కమాండ్ నడిపితే రెండు స్లాట్లలోనూ 4 జీబీ చొప్పున ఉన్నట్టు, కంపెనీ పేరూ వేగంతో సహా, ముచ్చటగా చూపిస్తోంది. నిజంగా వాడుకోగలిగింది చూపే ఫ్రీ కమాండ్ కొడితే 3.8.

ఒకే మిషన్ రెండు నాలుకలతో ఎందుకు మాట్లాడుతోంది? ప్రతి స్టిక్ మీదా ర్యామ్ చిప్పులు కాక గింజంత చిప్పు ఇంకొకటి ఉంటుంది, ఎస్‌పీడీ. డీడీఆర్3లో దాని సైజు 256 బైట్లు. నేను ఇంత జీబీ, ఇంత వేగం అన్న జాతకం అందులో రాసి ఉంటుంది. బోర్డు దాన్ని చదివేది రెండు సన్నటి తీగల మీద, అసలు డేటా తీగలతో దానికి సంబంధం లేదు. జాతకం చదవగలిగింది కాబట్టి పట్టికలో రెండు స్టిక్‌లూ రాసింది. తర్వాత డేటా తీగలు పరీక్షిస్తే రెండో ఛానెల్, అంటే రెండో స్లాట్‌కి వెళ్లే దారి, పలకలేదు, దాన్ని పక్కన పెట్టి ఉన్నదాంతో లేచింది. విండోస్‌లో 8 ఇన్‌స్టాల్డ్, 3.9 యూజబుల్ అని కనపడే మిషన్లలో చాలావాటి కథ ఇదే.

స్టిక్‌లు మార్చి మార్చి చూశాం. మొదటి స్లాట్‌లో ఏది పెట్టినా నడుస్తోంది. రెండో స్లాట్‌లో ఏది పెట్టినా, ఒంటరిగా పెడితే బీప్ తప్ప తెర వెలగదు. కాబట్టి స్టిక్‌లు నిర్దోషులు. బంగారు పళ్లని పిల్లల తెల్ల రబ్బరుతో రుద్ది, పొడి దులిపి, స్లాట్‌ని మెత్తటి కుంచెతో ఊడ్చి చూశాం. ఇంకో రెండు మిషన్లు ఈ రబ్బరు వైద్యంతోనే లేచాయి గానీ 9వ నంబర్ కదల్లేదు.

స్లాట్ పాడైందని బోర్డు పక్కన పడేసేవాళ్లు చాలామంది. ఆ ముందు చూడాల్సింది ఒకటుంది. పాత బోర్డుల్లో ర్యామ్‌ని నడిపేది చిప్‌సెట్. ఏఎమ్‌డీ 2003లో, ఇంటెల్ 2008లో ఆ పని చేసే కంట్రోలర్‌ని ప్రాసెసర్ లోపలికి తెచ్చేశాయి. అంటే హెచ్61లో రెండో స్లాట్ తీగలన్నీ నేరుగా ప్రాసెసర్ సాకెట్‌కే వెళ్తాయి. అక్కడ ఒక్క పిన్ను తాకకపోయినా మొత్తం ఛానెల్ మూగబోవచ్చు.

కూలర్ తీశాం. పాత థర్మల్ పేస్టు ఎండిన సున్నంలా రాలింది. లీవర్ లేపి ప్రాసెసర్ బయటికి తీస్తే కింద 1155 పిన్నులు. ఈ రకంలో ప్రాసెసర్‌కి కాళ్లుండవు, బిళ్లలే ఉంటాయి, పిన్నులు సాకెట్‌లో ఉంటాయి. ఒక్కొక్కటీ కొస వంచిన సన్నటి స్ప్రింగు. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. ఫోన్ టార్చ్ ఒక పక్కకి వాల్చి, కన్ను సాకెట్ మట్టానికి దించి చూస్తే కొసలన్నీ వరసగా మెరుస్తాయి, వంగినది మాత్రం మెరుపు తప్పుతుంది. అలా వెతికితే అంచు నుంచి మూడో వరసలో ఒకటి పక్కదాని మీదికి ఒరిగి కనపడింది. దాన్ని ముట్టుకునే పని పెట్టుకోలేదు. అది విరిగితే బోర్డు పోయినట్టే.

సీటీసీకి తీసుకెళ్లాను. పార్క్‌లేన్‌లో ఆ బిల్డింగ్ మెట్లెక్కేటప్పుడు రెండు పక్కలా ల్యాప్‌టాప్ ఛార్జర్లు, కార్ట్రిడ్జులు, "ఏం గావాలె మేడమ్" అనే పిలుపులు. లోపల మూలన బోర్డులు రిపేర్ చేసే అన్న మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్క చూపు చూశాడు.

"ఒకటి గాదు మేడమ్, రెండున్నయ్. ఒకటి ఒరిగింది, ఇంకోటి కిందికి దిగబడ్డది. ప్రాసెసర్ తీసినోళ్లు ఏటవాలుగ తీసిన్రు."

సూది లాంటి పనిముట్టుతో కొసని కింద నుంచి ఎత్తాడు. పక్కకి నెట్టలేదు. ముందు ఎత్తి, నిలబెట్టి, అప్పుడు వరసలోకి తిప్పాడు. ఊపిరి బిగబట్టింది నేనే, ఆయన పక్క షాపతనితో మాట్లాడుతూనే ఉన్నాడు. కూలర్ ఎలా బిగించాలో కూడా చెప్పాడు. నాలుగు మూలల పుష్ పిన్నుల్లో ఎదురెదురు మూలలు జతగా నొక్కాలి. ఒక పక్కంతా ముందు బిగిస్తే ప్రాసెసర్ రవ్వంత ఒరిగి, పిన్ను వంగకుండానే ఇదే రోగం తెస్తుంది. ఇది నాకు కొత్త విషయం. అక్కణ్నుంచి వచ్చాక ఇంకో హెచ్61 మిషన్‌లో అప్పుడప్పుడు మాయమయ్యే 4 జీబీ కూడా కూలర్ విప్పి సమంగా బిగించడంతో స్థిరపడింది. తీసుకున్న కూలీ ఒక స్టిక్ ధర కంటే తక్కువే.

9వ నంబర్ లేచింది. బయోస్‌లో 8192 ఎంబీ.

ఆదివారం

రిజిస్టర్‌లో నాలుగో గడి గీసి ఇప్పటి లెక్క రాయిస్తుంటే పిల్లలు మింట్‌లో 8 జీబీ మిషన్లు 7.6, 7.7 దగ్గరే ఆగుతున్నాయని పట్టుకున్నారు. ఇక్కడ ఆపమన్నాను. లినక్స్ ర్యామ్‌ని 4096 బైట్ల పేజీలుగా కోసుకుని, ఒక్కో పేజీకి 64 బైట్ల చిట్టా రాసుకుంటుంది. అంటే 64వ వంతు, 8 జీబీలో 128 ఎంబీ చిట్టాకే సరి. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌కి కొంత, బయోస్ తన పట్టికలకి కొంత, గ్రాఫిక్స్‌కి కొంత. ఇది పోయిన మెమొరీ కాదు, నడవడానికి అయ్యే ఖర్చు. దీని కోసం బయోస్‌లో వేళ్లు పెట్టొద్దని టేపు మీద రాసి అంటించాం. ఫ్రీ అనే గడిలో అంకె తక్కువుందని కంగారుపడేవాళ్లకి అవైలబుల్ గడి చూడమని కూడా. ఖాళీగా ఉన్న ర్యామ్‌లో లినక్స్ చదివిన ఫైళ్లు దాచుకుంటుంది, అడగ్గానే ఇచ్చేస్తుంది.

అంకుల్ రిజిస్టర్ చూసి డూప్లికేట్ మాట ఎత్తలేదు. అసోసియేషన్ డబ్బుతో రెండు హెచ్61 మిషన్లకి ర్యామ్ పెంచుదామన్నారు. అందుకని సీటీసీకి పంపే తమ్ముడికి చీటీ రాసిచ్చాను, మాట మాటగా ఇదే అడగమని:

డెస్క్‌టాప్ డీడీఆర్3, 8 జీబీ స్టిక్ ఒక్కో మిషన్‌కి ఒకటి. రెండు పక్కలా కలిపి 16 చిప్పులు ఉండాలి, లెక్కబెట్టి తీసుకో. ఎనిమిదే చిప్పులతో 8 జీబీ అన్నది ఈ తరం ఇంటెల్ ప్రాసెసర్లకి పడదు, ఒక్కో చిప్పు వాటికి మింగుడుపడే సైజు దాటిపోతుంది. ఏఎమ్‌డీ బోర్డులకి మాత్రమే అని రాసి ఉన్నది చవకగా ఇస్తామన్నా వద్దు. కొట్లోనే హెచ్61 బోర్డు మీద పెట్టి చూపించమని అడుగు, బయోస్ స్క్రీన్ ఫోటో తీసి నాకు పంపాకే డబ్బులు ఇవ్వు.